నా గుర్రం నాది కాకుండా పోయిన దసరా

మొన్న ఆదివారం మా ఆయన మేనల్లుడు భోజనానికొచ్చాడు. జెర్సీ సిటీలో మాకు నాలుగు వీధుల అవతలే ఉంటాడు. గుత్తివంకాయ కూర కలుపుకుంటూ ఎడం చేత్తో ఫోన్ తీసి నా ముఖం ముందు పెట్టాడు.

"అత్తా, ఇది చూడు. గుర్రం మీద వెళ్తూ బాణాలు వేయడం. వీకెండ్ క్లాసుకి సైన్ అప్ చేశాను."

చూశాను. గుర్రం పరిగెడుతోంది. దాని మీద కుర్రాడెవరో కళ్ళెం తాళ్ళు వేళ్ళకి చుట్టుకుని, అదే చేత్తో విల్లు పట్టుకున్నాడు.

"తాళ్ళు వదిలెయ్యాలి" అన్నాను. "ముడేసి దాని మెడ మీద పడెయ్యాలి. అలా చుట్టుకుంటే అది తల విదిలించినప్పుడల్లా వీడి చెయ్యి కదులుతుంది."

"నీకెలా తెలుసత్తా?"

మా ఆయన ముద్ద నోటి దాకా తెచ్చి ఆగారు. పెళ్ళై ముప్పై ఏళ్ళు దాటింది, ఆయనకీ ఎప్పుడూ చెప్పలేదు. "ఎక్కడో చదివాన్లే" అని పెరుగు గిన్నె తేవడానికి లేచిపోయాను.

చెప్తే మొత్తం చెప్పాలి. మొత్తం చెప్తే అందులో నేను మంచిదాన్నో చెడ్డదాన్నో నాకే ఇప్పటికీ తేలలేదు. పదకొండేళ్ళప్పుడు నాకొక గుర్రం ఉండేది. ఎవరిదో అడిగి ఎక్కింది కాదు, నా సొంతం. ఒక దసరాకి అది నాది కాకుండా పోయింది.

అప్పుడు మేం వర్జీనియాలో, హెర్న్‌డన్‌కి కాస్త అవతల ఉండేవాళ్ళం. ఇప్పుడు అటు వెళ్తే ఎటు చూసినా గాజు మేడలు, మన వాళ్ళ కార్లు, మన వాళ్ళ హోటళ్ళు. అప్పుడు ఆవులు. ఆవులు లేని చోట మొక్కజొన్న. స్కూలు బస్సు కిటికీ తీస్తే పేడా, కోసిన గడ్డీ కలిసిన వాసన గుప్పుమనేది. నాకా వాసన ఇష్టం. అమ్మ మాత్రం కారు అద్దాలు పైకెత్తేసేది. నాన్న డాక్టరు, అమ్మకి ల్యాబ్‌లో ఉద్యోగం. ఇల్లు కొన్నప్పుడు వెనక మూడెకరాల గడ్డీ, ఒక పాత పశువుల కొట్టం కూడా దాంతో వచ్చాయి. ఆ కొట్టాన్ని ఏం చేసుకోవాలో తెలియక నాన్న అందులో గడ్డి కోసే మెషీన్ పెట్టారు.

కంచె అవతల ఒక పెద్దావిడ గుర్రాలు పెంచేది. తర్వాత మా అమ్మమ్మ వచ్చి ఆవిడకి దొరసాని అని పేరు పెట్టింది, కాబట్టి నేనూ అలాగే అంటాను. అరవై దాటిన మనిషి, తాటిచెట్టంత పొడుగు, ఎప్పుడూ ప్యాంటూ బూట్లూ. దగ్గరికొస్తే తోలు సబ్బు వాసనా, పిప్పరమెంటు వాసనా. వాళ్ళాయన మంచాన పడ్డప్పుడు నాన్న రోజూ సాయంత్రం ఆగి చూసొచ్చేవారు. ఆయన పోయిన కొన్నాళ్ళకి దొరసాని ఒక ఆడగుర్రాన్ని నడిపించుకుంటూ మా వాకిట్లోకి వచ్చింది. ఎర్రటి గుర్రం, నుదుట తెల్లమచ్చ.

"మీ అమ్మాయి రోజూ కంచె పట్టుకుని నిలబడుతుంది" అంది నాన్నతో. "ఇది ఇక ఆ పిల్లది."

నాన్న తెల్లబోయారు. స్వీటు పెట్టబోతే వద్దనడం తెలుసు, చీర పెట్టబోతే మొహమాటపడ్డం తెలుసు, గుర్రం ఇస్తానంటే మర్యాదగా ఎలా కాదనాలో ఆయనకి ఎవరూ నేర్పలేదు. కాసేపు చేతులు నలుపుకుని "థాంక్యూ" అన్నారు. అంతే, నాకు గుర్రం వచ్చేసింది.

ఆ రోజే దొరసాని నా చెయ్యి పట్టుకుని వాళ్ళ ఇంటి పక్కకి తీసుకెళ్ళింది. అక్కడ ఒక పెద్ద పొద. పొడుగాటి ఆకులు, దళసరిగా, ముదురాకుపచ్చగా, నూనె రాసినట్టు నిగనిగలాడుతున్నాయి. రోడోడెండ్రాన్ అంటారు, వసంతంలో ఊదారంగు పూలు గుత్తులు గుత్తులుగా పూస్తుంది. వాళ్ళాయన స్వయంగా నాటినదట. అందుకని కొట్టించడానికి మనసొప్పలేదట.

"ఇది గుర్రాలకి విషం" అంది. "నేను నేర్పేవన్నీ మర్చిపోయినా సరే, ఇదొక్కటి గుర్తుంచుకో. ఈ ఆకు దాని నోట్లోకి వెళ్ళిన రోజున అది నీ గుర్రం కాదు. అర్థమైందా?"

"యెస్ మ్యామ్" అన్నాను. అక్కడ పెద్దవాళ్ళని అలాగే అనాలి, లేకపోతే ఊరుకోరు.

బాణాల సంగతి తర్వాత మొదలైంది. దొరసాని వాళ్ళ నాన్న హంగరీ నుంచి వలసొచ్చినాయన. గుర్రం మీంచి బాణం వేయడం కూతురికి నేర్పాడట. ఈవిడకి పిల్లల్లేరు. ఆ విద్య ఎవరి నెత్తినైనా రుద్దాలని ఎన్నాళ్ళ నుంచి చూస్తోందో, నేను దొరికాను. గుర్రం ఇచ్చిందే అందుకేమోనని నా అనుమానం.

మొదటి మూడు నెలలూ గుర్రమూ లేదు, బాణమూ లేదు. ఒక పీపాని పక్కకి దొర్లించి, దాని మీద జీను కట్టి, నన్ను ఎక్కించి కూర్చోబెట్టేది. చేతికి పొట్టి విల్లు ఇచ్చి ఉత్తి తాడు లాగించేది. లాగు, వదులు. లాగు, వదులు. స్కూలు నుంచి రాగానే గంటసేపు పీపా మీద స్వారీ. అమ్మ కిటికీలోంచి చూసి "ఏమిటే ఆ వేషం?" అని నవ్వేది. నాకు ఏడుపొచ్చేది.

తర్వాత గుర్రం. తాళ్ళు ముడేసి దాని మెడ మీద పడేసి, రెండు చేతులూ చాపుకుని కూర్చోమంది. "పట్టుకోవద్దు. నీ మోకాళ్ళతో చెప్పు, అది వింటుంది." నా మోకాళ్ళకి అప్పటికి ఇంగ్లీషూ రాదు, తెలుగూ రాదు. నేను ఏం చెప్పానో, అదేం విన్నదో, తిన్నగా ఆపిల్ పళ్ళ బకెట్టు దగ్గరికి వెళ్ళి ఆగింది.

ఆ ఏడాదంతా నాకు అయోమయమే. ఇంట్లో అమ్మ "చూసి నడు, చూసి తిను, చూసి మాట్లాడు" అనేది. ఇక్కడేమో దొరసాని "గురి చూడకు" అనేది. "గడ్డి మోపుని చూడు చాలు, చెయ్యి దానంతటది వెళ్తుంది." గురి చూడకుండా గురి ఎలా తగులుతుంది? అడిగితే "అడగకు, వెయ్యి" అనేది. గుర్రం దౌడు తీస్తుంటే ఒక్క క్షణం నాలుగు కాళ్ళూ గాల్లో ఉంటాయిట, బాణం అప్పుడే వదలాలిట. ఆ క్షణం ఏదో నాకు ఎంతకీ దొరికేది కాదు. ఆవిడ వన్ టూ త్రీ అని లెక్కపెట్టేది. నేను లోపల ఒకటీ రెండూ మూడూ అనుకునేదాన్ని. ఆవిడ మూడు అయ్యేసరికి నేను రెండు దగ్గరే ఉండేదాన్ని. బాణం పోయి ఎక్కడో ముళ్ళకంపలో పడేది, దాన్ని వెతుక్కోడానికి అరగంట.

స్కూల్లో ఇంకో గోల. నేను ఇండియన్‌ని, గుర్రం ఉంది, విల్లంబులున్నాయి. ఇంకేం కావాలి? మీ ఇంట్లో రెడ్ ఇండియన్లలా ఈకల టోపీ పెట్టుకుంటారా అని పిల్లలు అడిగారు. లేదంటే నమ్మలేదు. ఒకడు "మీ నాన్న పెద్దా? తెగకి పెద్దా?" అన్నాడు. నాన్న హాస్పిటల్లో ఒక డిపార్ట్‌మెంటుకి పెద్ద. అందుకని అవునన్నాను. వారం రోజులు నాకు తెగ మర్యాద జరిగింది.

ఆ వేసవిలో అమ్మమ్మ వచ్చింది. అమ్మమ్మ వాళ్ళ నాన్నకి తునిలో రెండు జట్కా బళ్ళు ఉండేవట, స్టేషన్ నుంచి ఊళ్ళోకి తిప్పేవాడట. అమ్మమ్మ చిన్నప్పుడంతా గుర్రాల మధ్యే పెరిగింది. ఆ సంగతి అమ్మ నాకెప్పుడూ చెప్పలేదు. డాక్టరుగారి అత్తగారు జట్కావాడి కూతురని నలుగురికీ చెప్పుకోవడం అమ్మకి ఇష్టం లేదేమో. ఎయిర్‌పోర్టు నుంచి వచ్చి కారు దిగగానే అమ్మమ్మ ముక్కు ఎగబీల్చింది. "గుర్రం ఉందేమిటే ఇక్కడ?" అంది. కాళ్ళు కూడా కడుక్కోకుండా వెనక్కి నడిచింది. నాలుకతో టక్ టక్‌మని ఏదో శబ్దం చేసింది. ఎవరు పిలిచినా తల తిప్పని నా గుర్రం వచ్చి అమ్మమ్మ భుజం మీద గడ్డం ఆనించింది.

దానికి ఇంగ్లీషులో ఏదో పేరుండేది. అమ్మమ్మకి నోరు తిరగక "ఏమే పిల్లా" అని పిలిచేది. నన్నూ అలాగే పిలిచేది. పిలిస్తే ఇద్దరం వెళ్ళేవాళ్ళం.

అమ్మమ్మ సూట్‌కేసులో మా కోసం ఆవకాయ తెచ్చింది, తన కోసం ఉలవలు తెచ్చుకుంది, చారు కాచుకోవడానికి. గుర్రాన్ని చూశాక ఆ చారు మానేసింది. రాత్రి నానబోసి, పొద్దున్నే ఉడకబెట్టి, చల్లార్చి, గిన్నెతో దానికే పట్టుకెళ్ళేది. ఇల్లంతా ఉలవల వాసన. "అత్తయ్యగారూ, ఇది అమెరికా గుర్రమండీ, ఓట్స్ తింటుంది" అని నాన్న అన్నారు. "గుర్రానికి అమెరికా ఏమిటి నాయనా, దాని కడుపు దానిదేగా" అంది అమ్మమ్మ. గుర్రం గిన్నె అడుగు దాకా నాకేసింది. మర్నాడు దౌడు తీస్తుంటే ఒక్కొక్క అడుక్కీ వెనక నుంచి ఒక్కొక్క మోత! దొరసాని ముక్కు మూసుకుని "మీ గ్రాండ్‌మదర్ దీనికి ఏం పెడుతోంది?" అని అరిచింది. నేను నవ్వలేక గుర్రం దిగిపోయాను.

కానీ వాళ్ళిద్దరికీ భలే కుదిరింది. ఒకరి భాష ఒకరికి రాదు. కంచె దగ్గర నిలబడి గుర్రం కాలు ఎత్తి చూపిస్తూ అమ్మమ్మ తెలుగులో అరగంట చెప్పేది, దొరసాని తల ఊపుతూ ఇంగ్లీషులో అరగంట చెప్పేది. మధ్యలో నేను. ఆవిడన్నది ఈవిడకీ, ఈవిడన్నది ఆవిడకీ మార్చి మార్చి చెప్పేదాన్ని. డెక్క శుభ్రం చేయడం గురించి చెప్పాను, నీళ్ళ గురించి చెప్పాను, జీను పుండ్ల గురించి చెప్పాను. ఆ పొద సంగతి మాత్రం చెప్పలేదు. కావాలని మానలేదు. ఆ సంగతి ఎప్పుడూ మాటల్లోకి రాలేదు, అంతే. ఇప్పటికీ ఆ విషయం తల్చుకుంటే నా మీద నాకు ఒళ్ళు మండుతుంది.

ఆగస్టులో ఒకరోజు అమ్మమ్మ పాత చీర పరిచి గుమ్మడి వడియాలు పెట్టింది. నేను గుర్రం మీద వస్తూ గడ్డి మోపుకి వేసిన బాణం సరాసరి వెళ్ళి వడియాల మధ్యలో దిగబడింది. నా పై ప్రాణాలు పైనే పోయాయి. అమ్మమ్మ బాణం పీకి, దాని మొనకి అంటిన పిండి నాకి చూసి "ఉప్పు సరిపోయిందే" అంది. "మళ్ళీ వెయ్యి. ఈసారి గడ్డికి వెయ్యి."

మళ్ళీ వేశాను. ఏమైందో తెలీదు. నేను లెక్కపెట్టలేదు, అమ్మమ్మ టక్ టక్ మంటోంది, గుర్రం చెవులు ముందుకి రిక్కించింది, కింద ఒక్కసారి ఏమీ లేనట్టయింది. తాడు వదిలేశాను. బాణం గడ్డి మోపు నడిమధ్య దిగింది. దొరసాని కంచె మీద చేత్తో బాది ఏదో అరిచింది. అమ్మమ్మ "సెబాసే పిల్లా!" అంది, నన్నో గుర్రాన్నో. నా జీవితంలో ఇంకెప్పుడూ అంత సంతోషపడలేదని ఒట్టేసి చెప్పగలను. పెళ్ళిరోజున కూడా.

దసరా వచ్చింది. ఆయుధపూజ మామూలు పనిరోజున పడింది. పొద్దున్నే అమ్మమ్మ మా ముగ్గుర్నీ లేపి తలంట్లు పోసుకోమంది. పీట వేసి నా విల్లూ, మూడు బాణాలూ పెట్టి కుంకుమ బొట్లు పెట్టింది. నాన్న స్టెతస్కోపు కూడా పెట్టించింది, ఆయన హాస్పిటల్‌కి వెళ్తూ వేరేది పట్టుకెళ్ళారు. పూజలో పెట్టినవి మర్నాడు దాకా ముట్టుకోకూడదని చెప్పగానే నేను లెక్కల పుస్తకం తెచ్చి బాణాల పక్కన పెట్టాను. అమ్మ చూసి మొట్టికాయ వేసింది కానీ, పూజలో పెట్టిన పుస్తకం తియ్యడానికి ధైర్యం చెయ్యలేదు.

తర్వాత గుర్రం. నుదుట తెల్లమచ్చ మీద పసుపు రాసి కుంకుమ పెట్టింది. మెడలో పసుపు చేమంతుల దండ. కొబ్బరికాయ కొట్టిన చప్పుడుకి అది బెదిరి కొట్టం తలుపుని ఒక్క తన్ను తన్నింది. అమ్మమ్మ దాని చెవిలో ఏదో చెప్పి సముదాయించింది.

"ఈ రోజు దానికి సెలవు" అంది నాతో. "ఎక్కకూడదు, మేతకి తోలకూడదు. మా నాన్న కూడా ఈ ఒక్కరోజు బండి కట్టేవాడు కాదు. శాలలో ఉంచి మహారాణిలా చూసేవాడు."

అలాగేనని గుర్రాన్ని కొట్టంలోనే ఉంచి తలుపు కింది సగం వేసి నేను బస్సెక్కాను. అమ్మానాన్నలు పనుల్లోకి వెళ్ళిపోయారు. దొరసాని కూడా ఆ రోజు ఏదో ఊరెళ్ళింది.

మధ్యాహ్నం మూడున్నరకి బస్సు దిగి వెనక్కి పరిగెత్తాను. కొట్టం గుమ్మానికి ఈ చివర నుంచి ఆ చివరికి పచ్చటి తోరణం. పసుపు రాసిన దారం, పొడుగాటి ఆకులు, మధ్యమధ్యలో చేమంతి పువ్వు. దాని కింద సగం తలుపు మీంచి తల బయటికి పెట్టి నా గుర్రం.

అమ్మమ్మ నడుం మీద చేతులు వేసుకుని నిలబడింది. ముఖం వెలిగిపోతోంది. "మామిడాకులు దొరకవు, దొరకవు అంటారు మీ అమ్మా నాన్నా. చూశావా! అచ్చం మామిడాకులే. ఇంటి గుమ్మానికి మీ అమ్మ ప్లాస్టిక్ తోరణం ఎలాగూ ఉందిగా. అందిన కాడికి కోసుకొచ్చి దీనికి పచ్చిది కట్టాను. దొరసాని ఇంటి పక్కనే ఉంది చెట్టు, నీకు తెలీదూ?"

తెలుసు. చూడగానే తెలిసింది.

అప్పుడు నోరు తెరవాలి. తెరిచి "అమ్మమ్మా, అది విషం" అనాలి. ఎంతసేపు పడుతుంది? కానీ నా బుర్రలో ఏదో తిరకాసు. ఆ పొద దగ్గరున్నప్పుడు అది విషం. ఇక్కడ అది తోరణం, పసుపు దారం, పూజ. పూజలో పెట్టినవి ముట్టుకోకూడదని పొద్దున్నే చెప్పింది. తోరణాన్ని ఎవరైనా తింటారా? మా ఇంట్లో ఎప్పుడైనా ఎవరైనా తిన్నారా? పైగా అమ్మమ్మ ముఖం అలా ఉంది. మూడు నెలలుగా ఈ దేశంలో ఆవిడ ఒక్కర్తే బయటికెళ్ళి సాధించుకొచ్చింది ఇదొక్కటే. కాసేపాగి, ఆవిడ నిద్రపోయాక, మెల్లిగా విప్పేద్దాం అనుకున్నాను.

"రా, బూరెలు చల్లారిపోతాయి" అంది.

వెళ్ళాను. బూరెలు తిన్నాను. ఎన్ని తిన్నానో కూడా గుర్తుంది, ఐదు. నెయ్యి వేసి మరీ పెట్టింది. తింటూ తింటూ టీవీ పెట్టుకున్నాను. అమ్మమ్మ సోఫాలో కునుకు తీసింది. ఇదే సమయం కదా లేచి వెళ్ళడానికి? ఏదో కార్టూన్ వస్తోంది. అయిపోయాక వెళ్దామనుకున్నాను. ఛీ.

వెళ్ళేసరికి పొద్దు వాలుతోంది. గుమ్మం మీద ఒక్క ఆకు లేదు. ఒకవైపు ఊడి దారం వేలాడుతోంది, దానికి తొడిమలు. చేమంతులు మాత్రం ముట్టుకోలేదు. రోజంతా కదలకుండా నిలబెడితే విసుగొచ్చి ఏం చేస్తుంది పాపం, అందినవి నమిలింది. నోట్లోంచి నురుగు కారుతోంది. కాళ్ళు వణుకుతున్నాయి. మాటిమాటికీ తల తిప్పి తన పొట్ట వైపు చూసుకుంటోంది, అక్కడ ఎవరో ఉన్నట్టు.

నేను మొదట చేసిన పనేమిటంటే, ఆ దారం లాగి జేబులో కుక్కుకున్నాను. తర్వాతే దొరసాని ఇంటికి పరిగెత్తాను. అదృష్టం, అప్పుడే కారు దిగుతోంది. నా ముఖం చూసి ఏమీ అడక్కుండా పశువుల డాక్టరుకి ఫోన్ చేసింది.

ఆయన వచ్చేసరికి నాన్న కూడా వచ్చారు. అమ్మమ్మ చప్పుళ్ళకి లేచి వచ్చి గుర్రం మెడ పట్టుకుని "ఏమైందే పిల్లా, ఏమైందే" అంటోంది. పశువుల డాక్టరు దాని ఛాతీ మీద స్టెతస్కోపు పెట్టి విన్నాడు. "గుండె మరీ నెమ్మదిగా ఉంది. ఏం తింది? అది తెలిస్తేనే నేనేదైనా చెయ్యగలను" అన్నాడు.

అందరూ నావైపు చూశారు, అమ్మమ్మ తప్ప. ఆవిడకి ఆ మాటలు అర్థం కాలేదు. ఏమిటి అడుగుతున్నాడని నా చెయ్యి గుంజుతోంది.

"రోడోడెండ్రాన్" అన్నాను. "రెండు గంటలైంది."

ఆయన ఇంకో మాట మాట్లాడకుండా గుర్రం ముక్కులోంచి పొడుగాటి గొట్టం దింపి నల్లటి మందు పోయడం మొదలుపెట్టాడు. దొరసాని మాత్రం నన్నే చూస్తోంది.

"ఎవరు పెట్టారు?"

అడకత్తెరలో పోకచెక్కలా ఉంది నా పని. అమ్మమ్మ కట్టిందంటే ఏమవుతుంది? దొరసాని అమ్మమ్మని ఏమీ అనకపోవచ్చు. కానీ నాన్న తెలుగులో చెప్తారు, "అత్తయ్యగారూ, మీరు కట్టిన ఆకులే" అని. ఆ గుర్రం మెడ పట్టుకుని ఏడుస్తున్న మనిషికి ఆ మాట ఎలా చెప్పడం?

"నేనే" అన్నాను.

దొరసాని చూపు నా ముఖం మీంచి కిందికి వెళ్ళింది. జేబులోంచి పసుపు దారం బెత్తెడు బయటికి వేలాడుతోంది. నేను చూసుకోలేదు, ఆవిడ చూసింది. మళ్ళీ అడిగింది, ఈసారి మెల్లిగా.

"నువ్వేనా?"

"యెస్ మ్యామ్."

గుర్రం బతికింది. రెండు రోజులు నీరసంగా తల వేలాడేసుకుని, మూడో రోజు ఉలవలు తింది. అమ్మమ్మ తోరణం ఏమైందని అడిగితే గాలికి ఎగిరిపోయిందన్నాను. నాలుగో రోజు దొరసాని తాడు పట్టుకుని వచ్చింది.

"మొదటి రోజే చెప్పాను" అంది. "నువ్వు ఎప్పుడొచ్చినా దీన్ని ఎక్కచ్చు, బాణాలూ వేసుకోవచ్చు. కానీ ఇది నీది కాదు."

నాన్న "చిన్నపిల్ల, సారీ చెప్తుంది" అని ఏదో అనబోయారు. ఆవిడ వినలేదు. నేను యెస్ మ్యామ్ అన్నాను. గుర్రం వెనక్కి తిరిగి కూడా చూడకుండా కంచె దాటి వెళ్ళిపోయింది. దానికేం, నాలుగడుగులు అవతల అదే గడ్డి.

మళ్ళీ నేను ఎక్కలేదు. విల్లు కూడా ఇచ్చేశాను. దొరసాని గుర్రాన్ని ఎందుకు తీసేసుకుందో ఇప్పటికీ నాకు తెలీదు. ఆకు నోట్లోకి వెళ్ళింది కాబట్టా? లేక ఆ దారం చూసి, అది నా పని కాదని తెలిసి, నేను అబద్ధమాడానని తీసుకుందా? నిజం చెప్పుంటే ఉంచేదా? నేనాడింది మాత్రం అబద్ధమేనా? రెండు గంటలు తెలిసీ బూరెలు తింటూ కూర్చున్నది నేనే కదా. చేసిన పాపం చెప్తే పోతుందంటారు. చెయ్యని పాపం నెత్తినేసుకుంటే ఏమవుతుందో ఎవరూ చెప్పలేదు. అసలు నాది చేసిన పాపమో చెయ్యని పాపమో, అదీ తేలలేదు.

గుర్రాన్ని తీసుకెళ్ళిన మర్నాడు అమ్మమ్మ నన్ను మెట్ల మీద కూర్చోబెట్టుకుని తలకి నూనె రాస్తోంది. నాన్న అప్పటికే ఆవిడకి ముక్తసరిగా చెప్పేశారు, మనవరాలు ఏదో విషపాకు పెట్టిందట అని.

"ఇచ్చిన గుర్రాన్ని వెనక్కి తీసుకుంటారుటే! ఏం మనుషులమ్మా" అని దొరసానిని కాసేపు తిట్టింది. తర్వాత, "తెలియక పెట్టావు, అంతేగా? పద, ఆ చెట్టేదో నాకు చూపించు. పిల్ల తెలియక చేసింది తల్లీ అని నేను దొరసాని గడ్డం పట్టుకుని బతిమాలతాను. నా మాట కాదనదు" అంది.

చెట్టు చూపిస్తే అమ్మమ్మకి మొత్తం తెలిసిపోతుంది. ఆ ఏడాదంతా అయోమయంలో ఉన్న నా బుర్రకి ఆ ఒక్క ముక్క మాత్రం శుభ్రంగా అర్థమైంది.

"తెలిసే పెట్టాను" అన్నాను.

తల మీద చెయ్యి ఆగింది. "తెలిసే?"

"ఊఁ. తెలిసే."

చెయ్యి తీసేసింది. "నోరు లేని జీవమే అది" అంది. తిట్టలేదు, కొట్టలేదు. నూనె గిన్నె తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది. సగం తలకే నూనె ఉంది, మిగతా సగం నేనే రాసుకున్నాను.

మరుసటి ఏడు తమ్ముడు పుట్టాడు. అమ్మమ్మ మళ్ళీ వచ్చింది. నన్ను దగ్గరికి తీసుకుంది, ముద్దలు కలిపి పెట్టింది, ఎప్పటిలాగే ఏమే పిల్లా అంది. ఆవిడ ప్రేమలో నేను వంక పెట్టలేను. ఆ తర్వాత తొమ్మిదేళ్ళు బతికింది, ఆ దసరా ఊసు ఒక్కసారి కూడా ఎత్తలేదు. కాకపోతే తమ్ముణ్ణి నేను ఒళ్ళోకి తీసుకున్నప్పుడల్లా, వంటింట్లో పొయ్యి మీద ఏమున్నా సరే వదిలేసి, అమ్మమ్మ వచ్చి నా పక్కన కూర్చునేది. వాణ్ణి నేను తిరిగి ఉయ్యాల్లో పడుకోబెట్టేదాకా లేచేది కాదు.